లావు తగ్గే ఆపరేషన్‌కు చెన్నై వస్తున్నారా?

మాది గూడూరు. పెళ్ళయ్యాక చెన్నై విల్లివాక్కంలో స్థిరపడ్డాం. మా ఇంట్లో ఇద్దరం ఈ ఆపరేషన్ చేయించుకున్నాం. మా ఆయన అక్కకు స్లీవ్ చేశారు, నాకు బైపాస్. రెండూ బరువు తగ్గడానికి కడుపు మీద చేసేవే, తేడా కింద చెప్తాను. అప్పట్నుంచి నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఏ ఆసుపత్రి మంచిది, ఎంతవుతుంది అని అడుగుతారు. అడగాల్సిందే. అయితే అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఆపరేషనైన రెండో ఏడూ ఐదో ఏడూ మిమ్మల్ని చూసేదెవరు? కోత ఒకటి రెండు గంటల పని. తిండి జాగ్రత్త, మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. డాక్టర్ని ఎంచుకోవడం దగ్గర్నుంచి ఇంట్లో వంట దాకా ప్రతిదీ ఆ తర్వాతి ఏళ్ళను చూసుకునే నిర్ణయించుకోవాలి.

నేను డాక్టర్ని కాదు, పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో లెక్కలు చూస్తాను. మేమిద్దరం అనుభవించిందీ, డాక్టర్లనీ డైటీషియన్‌నీ గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను. మందుల విషయంలో చివరి మాట మీ డాక్టరుదే.

చేయించుకోవాలా, వద్దా

ముందు మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, ఎంతో చూసుకోండి. బరువును కేజీల్లో, ఎత్తును మీటర్లలో రాసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే అది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 100 కేజీల బరువు ఉన్న మనిషికి 39 వస్తుంది. 1991లో అమెరికాలో పెట్టిన లెక్క ప్రకారం 40 దాటితే, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటివి కూడా ఉంటే ఆపరేషన్ చేసేవాళ్ళు. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సర్జన్ల సంఘం కలిసి దాన్ని మార్చాయి. 35 దాటితే జబ్బులున్నా లేకున్నా చేయొచ్చన్నాయి. ఆసియా వాళ్ళ విషయంలో 27.5 దాటినా ఆలోచించవచ్చన్నాయి. మనవాళ్ళకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని షుగర్ వచ్చేస్తుంది, అందుకని.

27.5 అంటే అదే ఎత్తు మనిషికి 70 కేజీలు. పెళ్ళిచూపుల కోసమో ఫోటోల కోసమో 70 కేజీల అమ్మాయిని ఈ ఆపరేషన్‌కు తోసేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. షుగర్ అదుపులోకి రావడం లేదు, రాత్రి గురకలో ఊపిరి ఆగిపోతోంది, మోకాళ్ళు అరిగి మెట్లెక్కలేకపోతున్నారు, లివర్ పాడవుతోంది, ఎన్నిసార్లు తగ్గినా బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. ఆపరేషన్ ఇలాంటి వాళ్ళకు. నాకు బీఎంఐ 41, ఇన్సులిన్ వేసుకుంటున్నా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9 కంటే కిందికి దిగలేదు. వదినకు మోకాళ్ళు, గురక.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అందరూ అడుగుతున్నారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. బాగానే పనిచేస్తాయి. కాస్త లావు ఉన్నవాళ్ళకు ముందు అదే దారి చూడమని నేనూ అంటాను. అయితే ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొస్తుంది, కాబట్టి ఎన్నేళ్ళు కొనగలరో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవాలి. ఇప్పటికే ఆ ఇంజెక్షన్ తీసుకుంటూ ఆపరేషన్‌కు వెళ్తున్నవాళ్ళు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆ మందు వల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

భయం గురించి కూడా ఒక మాట. అనుభవమున్న చోట ఈ ఆపరేషన్ తర్వాత నెలలోపు చనిపోయేవాళ్ళు వెయ్యి మందిలో ఒకరు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌తో పోల్చదగ్గంత. కుట్టు దగ్గర లీకవడం వందలో ఒకరికి అటూఇటూ. ఇవి చిన్నవే అయినా సున్నా కాదు. ఆ ఒక్కరూ మనమైతే ఏం చేస్తారో ఆసుపత్రిని ముందే అడగాలి.

ఆశ కూడా ఉన్నంతలోనే పెట్టుకోండి. ఏడాది, ఏడాదిన్నరకు స్లీవ్‌తో మొత్తం బరువులో పాతిక శాతం, బైపాస్‌తో ముప్ఫై శాతం దాకా తగ్గుతారు. 110 కేజీల మనిషి 80 దగ్గర ఆగొచ్చు. షుగర్ అదుపులో ఉండి, మెట్లెక్కగలిగితే 80 మంచి బరువే.

స్లీవా, బైపాసా

స్లీవ్‌లో కడుపులో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. తీసేసింది మళ్ళీ రాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలే తెలియదు. బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్లంత చిన్న సంచి చేసి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది గానీ అన్నం అటు పోదు.

మీకు గుండెల్లో మంట, పులితేన్పులు బాగా ఉంటే ఆ మాట సర్జన్‌కు గట్టిగా చెప్పండి. స్లీవ్ తర్వాత అది ఎక్కువయ్యే అవకాశం ఉంది, బైపాస్‌తో తగ్గుతుంది. నాకు ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఒరిసిపోయి కనపడింది, పైగా షుగర్ కూడా ఉంది, అందుకే బైపాస్ అన్నారు. వదినకు మంట లేదు. పేగులు కదపకుండా అయ్యేదీ, విటమిన్ల లోటు కాస్త తక్కువగా ఉండేదీ స్లీవ్ కాబట్టి తనకు అది. పేగును ఒకే ఒక్క చోట జోడించి చేసే మినీ బైపాస్ అని ఇంకొకటి కూడా మన దేశంలో బాగా చేస్తారు. ఎండోస్కోపీ చూడకుండానే "మీకు స్లీవ్ చేసేద్దాం" అనే చోట ఆగకండి.

ఆసుపత్రి ఎంపిక

2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరి నుంచి ఓ కుర్రాడు ఈ ఆపరేషన్ కోసం చెన్నై శివార్లలోని ఒక చిన్న ఆసుపత్రికి వచ్చాడు. ఆపరేషన్ మొదలైన కాసేపటికే పరిస్థితి విషమించి, వేరే ఆసుపత్రికి తరలించినా దక్కలేదు. ఆరోగ్యశాఖ విచారణ జరిపి ఆ ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసింది. అది పేపర్లో చదివిన రోజు నేను నిద్రపోలేదు. ఖర్చు తక్కువని చెప్పే చోటికి వెళ్ళేముందు ఆ బిడ్డను తలచుకోండి.

అందుకే మొదట అడగాల్సింది ఐసీయూ గురించి. రాత్రి రెండింటికి ఏమైనా అయితే మత్తు డాక్టరు, సర్జన్ ఎంతసేపట్లో వస్తారు? సీటీ స్కాన్ అదే ఆవరణలో ఉందా? సర్జన్ నెలకు ఎన్ని చేస్తారు, ఈ సర్జన్ల సంఘమైన ఒబేసిటీ అండ్ మెటబాలిక్ సర్జరీ సొసైటీ ఆఫ్ ఇండియాలో సభ్యులా? ఇలా అడిగితే మంచి డాక్టరెవరూ నొచ్చుకోరు. మా సర్జన్ తన దగ్గర లీకైన కేసుల గురించి తానే చెప్పారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

రెండోది డబ్బు. ప్యాకేజీ అన్నప్పుడు అందులో ఏముందో రాయించుకోండి. కడుపు కత్తిరించి కుట్టే స్టేప్లర్, దాని క్యాట్రిడ్జ్‌లే బిల్లులో పెద్ద భాగం. అవి కలిపారా, కొత్తవేనా, ఎక్కువ పడితే ఎవరు కట్టాలి, ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే ఎంత, లీకై మళ్ళీ చేరితే ఎంత. ఇన్సూరెన్స్ ఉంటే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన షరతులు తెలుసుకోవాలి: వయసు 18 దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 పైన ఉండాలి. లేదంటే 35 పైన ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు), అదుపులో లేని షుగర్ లాంటిది ఉండి, వేరే మార్గాల్లో తగ్గలేకపోయి ఉండాలి. అంటే ఆ ప్రయత్నాలకు కాగితాలు కావాలి. డైటీషియన్ చీటీలు, పాత షుగర్ రిపోర్టులు, బరువు రాసిన ఓపీ చీటీలు ఒక్కటీ పారేయకండి. మా వదినకు క్యాష్‌లెస్ రావడానికి నిద్ర పరీక్ష రిపోర్టే ఆధారమైంది. పాలసీ కొత్తదైతే వెయిటింగ్ పీరియడ్ ఎంతో కూడా చూసుకోండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, డైటీషియన్. ఆసుపత్రిలో ఉన్నారా, ఫోన్‌లో దొరుకుతారా, తెలుగు వచ్చా? చెన్నైలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కానీ "అర్థమవుతుంది" వేరు, మీ అమ్మకు పప్పు ఎంత పల్చగా కాయాలో తెలుగులో చెప్పగలగడం వేరు. ఓపీలో కూర్చున్నప్పుడు పక్కనున్న పాత పేషెంట్లను పలకరించండి. ఆపరేషనై మూడేళ్ళైనవాళ్ళు ఇంకా అక్కడికి చెకప్‌లకు వస్తుంటే అది మంచి చోటు.

ముందు చేయాల్సినవి

పరీక్షలు చాలా ఉంటాయి: మూడు నెలల షుగర్, థైరాయిడ్, లివర్, బీ12, విటమిన్ డీ, ఐరన్, ఈసీజీ, ఎకో, పొట్ట స్కాన్, ఎండోస్కోపీ. గురక ఉంటే నిద్ర పరీక్ష. ఎండోస్కోపీలో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా కనపడితే ముందు దానికి మందు కోర్సు పూర్తి చేస్తారు. బీ12, డీ, ఐరన్ తక్కువుంటే ఇప్పుడే సరిచేసుకోవాలి, తర్వాత పెంచుకోవడం ఇంకా కష్టం. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే సీప్యాప్ మెషీన్ వాడేవాళ్ళు ఆసుపత్రికి దాన్నీ తీసుకెళ్ళాలి. సిగరెట్, బీడీ, గుట్కా కనీసం ఆరు వారాల ముందు మానేయాలి, మళ్ళీ ముట్టకూడదు.

సైకాలజిస్టు దగ్గరికి పంపితే "నాకేం పిచ్చా" అనుకోకండి. దిగులు వేసినప్పుడు, కోపమొచ్చినప్పుడు తినే అలవాటు కడుపు కోస్తే పోదు. అది బయటికి చెప్పుకునేందుకు దొరికే చోటు అదే. నేను అక్కడ బాగా ఏడ్చాను, మనసు తేలికైంది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ఎక్కువగా ద్రవాహారమే ఇస్తారు. లివర్ ఎడమ భాగం కడుపుకు పైన పరుచుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బితే సర్జన్‌కు కడుపు కనపడదు. ఈ పథ్యంతో అది కుంచించుకుపోతుంది. ఆ రోజుల్లో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, తగ్గించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. మీరు వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్పూ సంచీలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆయుర్వేదం పొడులైనా సరే.

కాలం కూడా చూసుకోండి. చెన్నైలో మే నెల కత్తిరి ఎండల్లో ఊరికే కూర్చున్నా చెమటలు కారతాయి. ఆపరేషనైన మొదటి వారాల్లో ఒక్కసారిగా గ్లాసుడు నీళ్ళు తాగలేరు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. వాయిదా వేసుకోగలిగినవాళ్ళు ఎండాకాలం దాటనివ్వండి. అలాగే పెళ్ళి, గృహప్రవేశం, పిల్లల పరీక్షలు వెంటనే ఉన్న నెల వద్దు.

ఆసుపత్రిలో

పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు. మత్తు వదిలాక భుజం లాగుతుంది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల. నడిస్తే అది తగ్గుతుంది. ఆ సాయంత్రమే లేపి నడిపిస్తారు. బతిమాలుకుని పడుకోవద్దు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. బిగుతు మేజోళ్ళు, పొట్టలో వేసే సన్న ఇంజెక్షన్ కూడా అందుకే. మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిస్తారు, ఊపిరి లోపలికి పీల్చి బంతులు పైకి లేపాలి. విసుగనిపించినా మెలకువగా ఉన్న ప్రతి గంటా చేయండి. రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ చేస్తారు.

ఊరి నుంచి వచ్చినవాళ్ళు డిశ్చార్జ్ కాగానే రైలెక్కకండి. వారం పది రోజులు చెన్నైలోనే, ఆసుపత్రికి అరగంట దూరంలో ఉండండి. చుట్టాలిల్లు లేకపోతే గ్రీమ్స్ రోడ్ లాంటి ఆసుపత్రుల వీధుల్లో వంటగది ఉన్న గదులు అద్దెకు దొరుకుతాయి. వంటగది తప్పనిసరి, హోటల్ నుంచి తెచ్చే తిండి ఈ రోజుల్లో పనికిరాదు. తర్వాత పినాకినిలోనో మరో బండిలోనో వెళ్తున్నప్పుడు గంటకోసారి లేచి పెట్టెలో అటూ ఇటూ నడవాలి.

తిండి

మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాతి రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆ పైన రెండు వారాలు చేత్తో నలిపితే నలిగే మెత్తటివి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ రెండు నెలలకు మామూలు భోజనం. ఆసుపత్రిని బట్టి కాస్త మారుతుంది, మీకిచ్చిన కాగితమే పాటించండి. ఆ కాగితాల్లో సూపులు, స్మూతీలు రాసి ఉంటాయి. మన వంటింట్లో చేసుకోగలిగింది చెప్తాను.

పప్పుకట్టు నన్ను నిలబెట్టింది. గుప్పెడు పెసరపప్పు కడిగి, నాలుగింతలు నీళ్ళు పోసి, కాస్త పసుపేసి కుక్కర్లో ఐదారు విజిల్స్ రానివ్వాలి. మెదపకుండా పక్కన పెడితే పప్పు అడుగుకు దిగుతుంది. పైన తేలిన కట్టును టీ వడకట్టే జాలిలో పోసి, చిటికెడు ఉప్పు, వేయించి కొట్టిన జీలకర్ర పొడి, రెండు చుక్కల నిమ్మరసం. కారం, చింతపండు, ఇంగువ తిరగమోత వద్దు. గోరువెచ్చగా, మందు కొలిచే 30 మిల్లీలీటర్ల కప్పులో పోసుకుని, పది పదిహేను నిమిషాలు సాగదీసి తాగాలి. రెండో వారంలో అడుగున ఉన్న పప్పును మిక్సీలో వేసి, అదే కట్టుతో పల్చన చేసి మళ్ళీ వడకట్టాలి. ఇదే పద్ధతిలో పల్చటి రాగి జావ, వెన్న తీసిన మజ్జిగ, ముక్కలు వడకట్టేసిన చికెన్ రసం.

పప్పుకట్టులో ప్రోటీన్ మాత్రం తక్కువ. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి, అందుకే మొదటి నెలల్లో ప్రోటీన్ పౌడర్ తప్పదు. తీపి వాసన వికారంగా ఉంటే రుచి కలపని పౌడర్ తెచ్చుకుని, కట్టు గోరువెచ్చగా అయ్యాక కలపండి. మరుగుతున్నదాంట్లో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసుడు పాలకు 6 నుంచి 7, వంద గ్రాముల పనీర్‌కు 18 అటూఇటూ. మీల్ మేకర్ కూడా శాకాహారులకు మంచి ఆధారం. ఆదివారం కాశిమేడు నుంచి వంజరం తెప్పించుకుని, పసుపు ఉప్పు రాసి ఆవిరి మీద ఉడికించుకునేదాన్ని. చికెన్ ముక్క కంటే చేప తేలిగ్గా దిగుతుంది.

మొదటిసారి గుడ్డు పెట్టినప్పుడు మా అత్తయ్య పక్కనే కూర్చుంది. సగం గుడ్డు, టీ చెంచా. చెంచా కొనమీద బఠాణీ గింజంత తీసుకుని, నోట్లో నీరయ్యేదాకా నమిలి, చెంచా కింద పెట్టి, కాసేపు ఆగి, మళ్ళీ. ఐదో చెంచాకు రొమ్ము మధ్యలో బరువుగా అనిపించింది. "ఆ ఒక్క ముక్కా ఎందుకు వదిలేస్తావమ్మా" అంది అత్తయ్య. "ఇంక చాలు అత్తయ్యా, లోపల్నుంచి చెప్తోంది" అన్నాను. ఆ బరువే మీకు గుర్తు. కొందరికి ఎక్కిళ్ళు వస్తాయి, కొందరికి ముక్కు కారుతుంది. ఆ క్షణంలోనే ఆపేయాలి. ఇంకొక్క ముద్ద తింటే వాంతి అవుతుంది.

మనకు అన్నిటికన్నా కష్టమైంది నీళ్ళు. ముద్దకీ ముద్దకీ మధ్య నీళ్ళు, చివర్లో మజ్జిగన్నం మన అలవాటు. ఇకనుంచి తిన్న అరగంట దాకా ఏమీ తాగకూడదు. మజ్జిగను పదకొండు గంటలకు మార్చుకోండి. రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుటక గుటకగా. కొట్లో నా బల్ల మీద సీసా ఎప్పుడూ ఉంటుంది, బిల్లు రాసిన ప్రతిసారీ ఒక గుటక.

పళ్ళెంలో ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. మెతుకులు, బ్రెడ్డు, దోసె చాలామందికి లోపల ఉండకట్టినట్టు ఆగిపోతాయి. బైపాస్ అయినవాళ్ళకు కేసరి, చక్కెర పొంగలి, పళ్ళరసం లాంటివి గబుక్కున పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, నీరసం తెస్తాయి. దాన్ని డంపింగ్ అంటారు. సోడా, కూల్‌డ్రింకులు ఇద్దరికీ వద్దు. మద్యం చాలా త్వరగా ఎక్కుతుంది, అలవాటు కూడా త్వరగా అవుతుంది. దూరంగా ఉండండి.

ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పాల్సింది: నెలా నెలన్నర దాకా 20 లీటర్ల వాటర్ క్యాన్, గ్యాస్ సిలిండర్, నీళ్ళ బిందె ఎత్తకూడదు. చెన్నై ఇళ్ళల్లో మూడో అంతస్తుకు క్యాన్ మోసేది చాలాచోట్ల ఆడవాళ్ళే. ఇప్పుడు మగవాళ్ళు మోయాలి. కుర్చీలో చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్ళొచ్చు.

ఊళ్ళో డాక్టరుకు ఏం చెప్పాలి

డిశ్చార్జ్ సమ్మరీ అసలు, రెండు జిరాక్సులు, ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. ఏ ఆపరేషన్, ఏ తేదీ, సర్జన్ నంబరు రాసిన చిన్న కార్డు పర్సులో ఉండాలి. ఒంట్లో బాగాలేక ఊళ్ళో ఆసుపత్రికి వెళ్తే నాలుగు మాటలు చెప్పాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు, బైపాస్ వాళ్ళకు జోడింపు దగ్గర పుండు పడుతుంది, పారాసిటమాల్ సరిపోతుంది. ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టాన్ని, లోపల ఎక్కడికి పోతోందో చూడకుండా గుడ్డిగా వేయకూడదు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1, అంటే థయామిన్ లోటు వచ్చి నరాలు, మెదడు దెబ్బతింటాయి. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేముందు థయామిన్ ఇవ్వమనాలి. షుగర్, బీపీ మాత్రలు పాత మోతాదులో కొనసాగించకూడదు, ఇంట్లో రోజూ చూసుకుని తగ్గించుకుంటూ రావాలి. నా ఇన్సులిన్ బరువు పెద్దగా తగ్గకముందే ఆగిపోయింది.

ఇవి కనపడితే మాత్రం ఊళ్ళో ఆగకండి, సర్జన్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేసి బయల్దేరండి. కూర్చునే ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, నల్లటి విరేచనం, రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోవడం. మొదటి వారాల్లో నాడి పరుగెత్తడం లీక్‌కు తొలి గుర్తు కావచ్చు, అప్పటికి జ్వరం రాకపోయినా సరే. గ్యాసే కదా అని ఏదో పొడి కలుపుకుని తాగి పడుకోవద్దు.

మాత్రలు, జుట్టు, పిల్లలు

మల్టీవిటమిన్, బీ12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డీ జీవితాంతం. క్యాల్షియంలో సిట్రేట్ రకం అడగండి, కడుపులో ఆమ్లం తగ్గినవాళ్ళకు అది బాగా ఒంటబడుతుంది. క్యాల్షియానికీ ఐరన్‌కూ రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్‌తో కాఫీ, టీ కలపకూడదు. బాగున్నాం కదా అని రెండో ఏడాదిలో మాత్రలు మానేసేవాళ్ళే ఎక్కువ. బీ12 లోటు చాపకింద నీరులా వస్తుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కేదాకా తెలియదు.

మూడో నెల నుంచి జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. ఒంటికి తగిలిన దెబ్బ, వేగంగా తగ్గిన బరువు వల్ల జరిగేది అది. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తుంది. తొందరగా తగ్గేవాళ్ళకు గాల్‌బ్లాడర్లో రాళ్ళు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆరు నెలలు ఉర్సోడియాక్సికోలిక్ ఆసిడ్ రాస్తారు. చర్మం వేలాడుతుంది. దానికి ఆపరేషన్ అంటే బరువు నిలకడగా నిలిచాక, చాలావరకు సొంత డబ్బుతోనే.

పిల్లలు కలగలేదని తిరిగినవాళ్ళకు బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. అందుకే జాగ్రత్త. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకూడదు, తల్లికే పోషకాలు చాలని రోజులవి. గర్భనిరోధక మాత్రలు బైపాస్ తర్వాత సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి గైనకాలజిస్టును అడగండి.

నలుగురిలో

ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. మీతో కలిసి తినేవాళ్ళకు మాత్రం చెప్పేయడమే మంచిదని నా అభిప్రాయం. చెప్పకపోతే ప్రతి ఆకు ముందూ యుద్ధమే. మా మేనకోడలి పెళ్ళిలో వదిన ముందు ఆకు వేసి అన్నీ వడ్డించబోతే, "బాబూ, పప్పు, కూర ఒక్కో చెంచా చాలు, పెరుగు వద్దు" అని వడ్డించే అబ్బాయికి ముందే చెప్పింది. పక్కన కూర్చున్న పిన్నిగారు "ఇంతేనా తినేది, ఏం జబ్బు చేసింది" అంటే, "ఆపరేషన్ చేయించుకున్నాను పిన్నీ, ఇదే నా భోజనం" అంది. ఆ పిన్నిగారే మర్నాడు తన కోడలి గురించి అడగడానికి ఫోన్ చేసింది.

మొదటి ఏడాదిలో మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్షలు: రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, క్యాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, మూడు నెలల షుగర్. మేమిద్దరం సంక్రాంతి వెళ్ళాక జనవరిలోనే చేయించుకుంటాం, అలాగైతే మర్చిపోవడం ఉండదు. మూడో ఏడు దాటాక కొంత బరువు తిరిగి రావడం మామూలే. వదినకు అలా పెరుగుతుంటే సిగ్గుపడి చెకప్ మానేస్తానంది, నేను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. డైటీషియన్ తిట్టలేదు. వారం రోజుల తిండి రాయించి చూస్తే సాయంత్రాలు టీవీ ముందు కొంచెం కొంచెంగా తినే మిక్చర్, మురుకులు బయటపడ్డాయి. వాటి స్థానంలో ఉడికించిన శనగలు పెట్టారు, సర్జన్ కడుపును ఎండోస్కోపీలో ఒకసారి చూసి బాగానే ఉందన్నారు. బరువు పెరుగుతోందని తెలిసిన నెలలోనే వెళ్ళండి. ఇప్పుడు కావాలంటే మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు కూడా డాక్టర్లు ఆలోచిస్తున్నారు, అడగడానికి మొహమాటపడొద్దు.